నిరుత్సాహంలో నిలకడ

(చదువుకోవలసిన వాక్యభాగాలు: 1 రాజులు 19:1-18, లూకా 24:13-35, రోమీయులు 5:1-5)



విచారణ గురువుకు ఎదురయ్యే ప్రశ్నలలో చాలావాటికి సమాధానం జ్ఞానోపదేశంలోనే దొరుకుతుంది. ఒక ప్రశ్నకు మాత్రం అంత సులువుగా దొరకదు. పూజ ముగిసి అందరూ వెళ్ళాక ఎవరో ఒకరు సక్రిస్తీ గుమ్మం దగ్గర ఆగి, చుట్టూ చూసి, మెల్లగా అడుగుతారు: "ఇన్నేండ్ల సంది నమ్ముకుంటనే ఉన్న ఫాదర్. ఏం లాభమైంది?"

ఇది దేవుణ్ణి కాదన్నవాని ప్రశ్న కాదు. కాదన్నవాడు గుడికే రాడు. ఇది అలసినవాని ప్రశ్న. ఈ వారం ఆ అలసట గూర్చి, అందులో విశ్వాసం నిలుపుకొనే మార్గం గూర్చి కలిసి ధ్యానిద్దాం.

1. కష్టం వేరు, నిరుత్సాహం వేరు

మన మందమర్రి బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన ఊరు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని గుర్తించాడు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. తరువాత గోదావరి లోయ పొడవునా గనులు వెలిశాయి. కరువు పల్లెలను విడిచి వచ్చిన మన తాతలు, తండ్రులు తట్టా చెమ్మస్ పట్టుకొని గనిలోకి దిగారు. వారిలో కొందరు విశ్వాసాన్ని వెంట తెచ్చుకున్నారు. మరికొందరు ఇక్కడి కార్మికవాడల్లోనే జ్ఞానస్నానం పొందారు. 1962లో మొదలైన చాందా మిషను, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనం ఈ ప్రాంత విశ్వాసులను ఒక కుటుంబంగా కూర్చాయి.

ఈ ఊరికి కష్టం కొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఆ వార్త విన్న రోజు గోదావరికి ఇటువైపున ఉన్న ఇళ్ళలో కూడ పొయ్యి వెలగలేదని నాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే ప్రమాదం ఒక్కరోజులో వచ్చే కష్టం. మెల్లగా వచ్చే కష్టం మరొకటి ఉంది. 1990 దశకం ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య దాదాపు నలభైవేలు. తట్టల స్థానంలో యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు కొన్ని మూతబడ్డాయి. తండ్రి గనిలో దిగితే కొడుకూ దిగుతాడని నమ్మిన ఇళ్ళలో డిగ్రీ చదివిన యువకుడు నోటిఫికేషన్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. మరొకడు దుబాయికి పోయాడు. తండ్రికి ఆయాసం, తల్లికి చీటీల అప్పు, ఇంట్లో పెండ్లీడుకొచ్చిన ఆడపిల్ల.

కష్టం బయటినుండి వస్తుంది. నిరుత్సాహం లోపల పుడుతుంది. "నీకు దెబ్బ తగిలింది" అని కష్టం చెబుతుంది. "ఇక లేచి ఏం ప్రయోజనం?" అని నిరుత్సాహం అడుగుతుంది. పెద్ద కష్టంలో కూడ నిరుత్సాహపడని వారున్నారు. చిన్న కష్టాలే ఏళ్ళ తరబడి కురిసి, లోలోపల నానిపోయినవారూ ఉన్నారు. విశ్వాసానికి ఎక్కువ హాని చేసేది ఈ రెండవదే.

2. నేను చేసిన పొరపాటు

ఈ విషయంలో నేను మొదట నేర్చుకున్న పాఠం నా తప్పునుండే.

కొన్ని సంవత్సరాల క్రితం మా విచారణలో ఒక కుటుంబ పెద్ద జ్వరంతో పడకేసి పదిరోజుల్లో కన్నుమూశాడు. చిన్న పిల్లలు. భూస్థాపన సమయంలో అతని భార్యతో, "దేవుని చిత్తం తల్లీ, భరించాలి" అన్నాను. మరో ఇంటికి వెళ్ళవలసిన తొందరలో ఉన్నాను. అప్పటికి అది సరైన మాటే అనిపించింది.

ఆమె గుడికి రావడం మానివేసింది. నాలుగు నెలలు గడిచేదాకా నేను గమనించలేదు. ఒక కన్యస్త్రీ చెబితేగాని తెలియలేదు. ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేసింది, చాయ ఇచ్చింది, గడపలో కూర్చున్నది. చాలాసేపు మౌనంగా ఉండి అడిగింది: "ఫాదర్, మీరు ఆనాడు దేవుని చిత్తమంటిరి. నా పిల్లలకు నాయిన లేకుండ చేసుడే దేవుని చిత్తమైతే, ఆ దేవునికి నేనెట్ల మొక్కాలె?"

వేదాంతశాస్త్రంలో దానికి సమాధానం ఉన్నది. దేవుడు చెడును కోరడు, అనుమతిస్తాడు, దానినుండి కూడ మేలు వెలికితీస్తాడు అని చదువుకున్నాం. ఆ మధ్యాహ్నం ఆ గడప దగ్గర ఆ పాఠం నా నోట రాలేదు. "తప్పు నాది తల్లీ. ఆ మాట ఆనాడు అట్లా అనవలసింది కాదు" అన్నాను. "నీ కోపం ఆయనకే చెప్పు. ఆయన వింటాడు" అన్నాను. కీర్తనలు 13, 88 చూపించాను. దేవా, ఎంతకాలం నన్ను మరచిపోతావు అని భక్తుడు అడిగే కీర్తన మొదటిది. రెండవది చీకటితో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. అటువంటి మొరను కూడ శ్రీసభ తన ప్రార్థన పుస్తకంలో దాచుకున్నది. ఏడ్చే బిడ్డ తల్లినుండి తప్పిపోయినట్లు కాదు, తల్లిని పిలుస్తున్నట్లే.

ఆ సంవత్సరం నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, ఆమె సమాధుల దగ్గరకు వచ్చి అందరి వెనుక నిలబడింది. ఈనాటికీ పాటలు పాడదు. కాని వస్తుంది. ఆమె విశ్వాసం తక్కువదని నేననుకోను.

3. ఏలీయాకు దేవుడిచ్చిన మందు

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండమీద గొప్ప విజయం చూసినవాడు. ఆ వెంటనే యెసెబెలు రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోయాడు. ఎడారిలో ఒక దినమంతా నడిచి, ఒక పొదకింద కూలబడి, ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసికొమ్మని వేడుకొన్నాడు.

దేవుడు అతణ్ణి మందలించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తరువాత దూతను పంపాడు. నిప్పులమీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు పెట్టి దూత తట్టి లేపాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత విసుగుకోలేదు. రెండవసారి వచ్చి తట్టి, ప్రయాణం చాల దూరం, తినుమని చెప్పాడు. ఆ భోజన బలంతో అతడు నలభై రాత్రింబవళ్ళు నడిచి హోరేబు కొండకు చేరాడు.

ఇందులో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, దేవుడు శరీరాన్ని మరచిపోడు. వరుసగా రాత్రి షిఫ్టులు చేసి నిద్రలేని మనిషికి ప్రార్థన రుచించకపోతే, అతనికి ముందు కావలసింది నిద్ర. రెండవది, ఒకసారి తినిపిస్తే సరిపోలేదు. నిరుత్సాహపడినవాని దగ్గరకు రెండవసారి, మూడవసారి వెళ్ళాలి. మూడవది, హోరేబులో ఏలీయా తానొక్కడినే మిగిలానని మొరపెట్టుకొన్నపుడు, బయలుకు మోకరించనివారు ఇంకా ఏడువేలమంది ఉన్నారని దేవుడు తెలిపాడు. నిరుత్సాహం చెప్పే మొదటి అబద్ధం "నీవు ఒంటరివి" అన్నదే.

ఎడారిలో రొట్టె, ప్రయాణానికి బలం. మనకు దివ్యసత్ప్రసాదం అటువంటి భోజనం. గెలిచినవానికిచ్చే బహుమానంగా కాక, నడవవలసినవానికి దారిబత్తెంగా ప్రభువు దానిని ఇచ్చాడు.

4. బరువు కింద నిలిచి ఉండటం

పౌలుగారు రోమీయులకు వ్రాస్తూ, శ్రమ ఓర్పును పుట్టిస్తుంది, ఓర్పు పరీక్షకు నిలిచిన శీలాన్ని, ఆ శీలం నిరీక్షణను పుట్టిస్తాయని బోధించారు. అక్కడ 'ఓర్పు' అన్నచోట ఆయన వాడిన గ్రీకు పదం 'ఉపోమొనే'. 'ఉపో' అంటే కింద, 'మొనే' అంటే నిలిచి ఉండటం. బరువు కింద నిలిచి ఉండటమని దాని భావం.

బొగ్గుబాయిలో పనిచేసినవారికి దీనిని వివరించనక్కరలేదు. గనిలో పైకప్పు కూలకుండ ఆసరాగా కర్రదుంగలను నిలిపేవారు. ఆ దుంగ అటూ ఇటూ కదలదు, చప్పుడు చేయదు. కొత్తవాడు చూస్తే అది ఏ పనీ చేయడం లేదనుకుంటాడు. అది నిలబడి ఉన్నందువల్లనే నలుగురు మనుషులు దానికింద బ్రతికి పనిచేసుకుంటారు. ఇంట్లో ఒక అమ్మ రోజూ రాత్రి జపమాల చెబుతుంది. పిల్లలు నిద్రలోకి జారుకుంటారు, భర్త వినడు. ఆమె నిలబడిన దుంగ.

13వ శతాబ్దపు వేదపండితుడు పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా తెయొలొగియె'లో ధైర్యమనే సుగుణం గూర్చి చర్చిస్తూ ఒక ప్రశ్న వేశారు. ధైర్యంలో ముఖ్యమైన పని ఏది? ఎదురుదాడి చేయడమా, తట్టుకొని నిలబడటమా? నిలబడటమేనని ఆయన తేల్చారు. కారణాలు కూడ చెప్పారు. దాడిచేసేవాడు తానే బలవంతుణ్ణని తలచి దాడిచేస్తాడు. తట్టుకొనేవాడు తనకంటె బలమైనదానిని ఎదుర్కొంటాడు. దాడిచేసేవానికి ప్రమాదం ఇంకా రాబోయేది. తట్టుకొనేవానికి అది ఇప్పటికే మీదకు వచ్చింది. దాడి క్షణంలో ముగియవచ్చు, నిలబడటం చాలాకాలం సాగుతుంది. సెమినరీలో దీనిని పరీక్ష కోసం చదివాను. మన ఇళ్ళలోని తల్లులను చూసిన తరువాతనే నాకు అర్థమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నిలిచి ఉండటమంటే అన్యాయానికి తలవంచడం కాదు. తాగివచ్చి కొట్టే భర్త దెబ్బలను "నా సిలువ" అని దాచుకొమ్మని ఏ గురువూ ఏ స్త్రీకీ చెప్పరాదు. ఆమె తననూ పిల్లలనూ కాపాడుకోవాలి. విచారణ ఆమెకు తోడు నిలవాలి. అలాగే న్యాయమైన వేతనం కోసం, భద్రత కోసం కార్మికులు సంఘంగా కూడటం విశ్వాసలోపం కాదు. 13వ లియో పాపుగారు 1891లో 'రేరుం నొవారుం' లేఖలో కార్మికుల ఆ హక్కును సమర్థించారు. క్రీస్తుప్రభువు సిలువను స్వీకరించాడు. కాని చెంపదెబ్బ కొట్టిన బంటును, ఎందుకు కొట్టావని నిలదీశాడు కూడ (యోహాను 18:23).

5. తట్టి చూసి నిర్ణయించాలి

గనిలో పనికి ముందు కర్రతో పైకప్పును తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖణీమని మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనుభవజ్ఞుని చెవి మాత్రమే తేడా పసిగడుతుంది.

మన నిరుత్సాహాన్ని కూడ అలాగే తట్టి చూడాలి. ఇది కేవలం శరీరపు అలసటా? దాచిపెట్టిన పాపం పెట్టే బరువా? అయితే పాపసంకీర్తనం దానికి మందు. తీరని దుఃఖమా? అయితే ఏడవనివ్వాలి. దేవుడు మౌనంగా ఉన్నట్లు తోచే పరీక్షాకాలమా? వారాల తరబడి నిద్రా ఆకలీ లేక, బ్రతుకుమీదనే విరక్తి కలుగుతున్నదా? అది జబ్బు కావచ్చు. షుగరుకు, బి.పి.కి డాక్టరు దగ్గరకు వెళ్ళినట్లే దానికీ వెళ్ళాలి. అందులో సిగ్గులేదు, విశ్వాసలోపం లేదు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే ఆ రోజే ఇంట్లోవారికో గురువుకో చెప్పి, ఆలస్యం లేకుండ వైద్యుని చూడాలి.

లొయోలా పునీత ఇగ్నేషియస్ ఒకప్పుడు సైనికుడు. 1521లో పంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచంలో ఉన్నాడు. మనసు ఎప్పుడు ఉప్పొంగుతున్నదో, ఎప్పుడు ఎండిపోతున్నదో అప్పటినుండి గమనిస్తూ వచ్చి, ఆ అనుభవాన్ని 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో నియమాలుగా కూర్చాడు. వాటిలో ఒకటి మనకు ఎంతో అవసరం. ఆత్మ చీకటిలో ఉన్న కాలంలో, వెలుగులో ఉండగా చేసుకొన్న మంచి నిర్ణయాలను మార్చరాదు. ప్రార్థనను తగ్గించడానికి బదులు కాస్త పెంచాలి. ఈ స్థితి పోతుందని ఓపికతో ఉండాలి.

అందుచేత గుడి మానివేద్దామని, ఫలానా చోట వెంటనే అద్భుతం జరుగుతుందట, అటు పోదామని, జీవితంలో తెగతెంపులు చేసుకుందామని నిరుత్సాహంలో అనిపించినపుడు నిర్ణయం తీసికోవద్దు. వాయిదా వేయండి. చీకట్లో దారి మార్చినవాడు ఎక్కడ తేలతాడో మన గని సోదరులకు బాగా తెలుసు.

6. చీకటిలో నడిచినవారు

తలపై ఉండే క్యాప్ ల్యాంపు గని అంతటినీ చూపదు. నాలుగడుగులు చూపుతుంది. ఆ నాలుగడుగులు నడిస్తే మరో నాలుగడుగులు కనిపిస్తాయి. విశ్వాసం ఇచ్చే వెలుగు కూడ చాలాసార్లు అంతే.

కలకత్తా పునీత మదర్ తెరెసా ఎల్లపుడూ ఆనందంలో మునిగి ఉండేవారని మనమంతా అనుకున్నాం. 2007లో ఆమె లేఖలు ప్రచురింపబడినపుడు, దాదాపు యాభై ఏళ్ళు ఆమె లోలోపల దేవుని సన్నిధి తెలియని చీకటిని అనుభవించారని లోకానికి తెలిసింది. అయినా ప్రతి ఉదయం సత్ప్రసాదం ముందు మోకరించారు, మురికివాడలకు నడిచారు. చిన్న తెరేసమ్మ కూడ 1896 పాస్కకాలంనుండి 1897 సెప్టెంబరు 30న మరణించేవరకు అటువంటి చీకటిలోనే నమ్మకాన్ని ఎంచుకుంటూ వచ్చింది.

మన తెలుగుబిడ్డ తాటిపత్రి జ్ఞానమ్మగారు 1822లో ఫిరంగిపురంలో జన్మించారు. భర్తను కోల్పోయి, పిల్లలతో మిగిలిన స్త్రీ ఆమె. విధవరాలంటే మూలన కూర్చోవలసిన ఆ కాలంలో ఆడపిల్లలకు బడి పెట్టి, అన్నమ్మగారి కన్యస్త్రీల సభకు మాతృమూర్తి అయ్యారు. 1874లో కన్నుమూశారు. భర్తపోయిన రోజున ఇదంతా ఆమెకు కనిపించి ఉంటుందా? నాలుగడుగులే కనిపించి ఉంటాయి. నడిచారు.

7. తిరిగి రాని ల్యాంపు

ఎమ్మావు దారిలో వెళ్తున్న ఇద్దరు శిష్యులు నిరుత్సాహపడినవారే. యేసుమీద పెట్టుకొన్న ఆశను వారు గతించిపోయినదిగా చెప్పుకుంటున్నారు. దాదాపు పదకొండు కిలోమీటర్లు, యెరూషలేమును వదలి, తోటి శిష్యులను వదలి పోతున్నారు. ఉత్థాన ప్రభువు దారికి అడ్డంగా నిలిచి వెనక్కు తిరగమనలేదు. వారు పోతున్నవైపే వారితోపాటు నడిచాడు. ముందు వారి మాట విన్నాడు. తరువాత లేఖనాలు విప్పాడు, చివరకు రొట్టె విరిచాడు. అప్పుడు వారంతట వారే ఆ రాత్రి వెనక్కు పరుగెత్తారు.

పదవీవిరమణ చేసిన ఒక కార్మిక సోదరుడు నాకొక సంగతి చెప్పాడు. షిఫ్టు అయిపోయాక అందరూ ల్యాంపులను ల్యాంపు రూములో అప్పగిస్తారు. ఒక ల్యాంపు తిరిగి రాకపోతే లోపల ఒక మనిషి ఉండిపోయాడన్నమాట. "ఆ ఖాళీ జాగ చూసి మేం ఇంటికి పోం ఫాదర్" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. మన దేవాలయంలో కూడ ఖాళీ జాగలు ఉన్నాయి. మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చునే ఆయన కొన్ని వారాలుగా రావడం లేదు. కాయిరులో పాడే అమ్మాయి కనిపించడం లేదు. మనం తుది దీవెన తీసుకొని ఇంటికి పోతున్నాం. ఆ విధవరాలి ఖాళీ జాగను నాలుగు నెలలు చూడని మొదటివాణ్ణి నేనే.

నిలకడ ఒక్కరివల్ల అయ్యే పని కాదు. కొందరి అలవాటు ప్రకారం మన సమావేశాలను మానక, ఒకరినొకరు ప్రోత్సహించుకొమ్మని హెబ్రీయుల లేఖ బోధిస్తున్నది (10:24-25). నా విశ్వాసం సన్నగిల్లిన రోజున నీ విశ్వాసం నన్ను మోయాలి, నీది సన్నగిల్లిన రోజున నాది నిన్ను మోయాలి. అందుకే విశ్వాస ప్రమాణాన్ని అందరం ఒకే గొంతుతో చెబుతాం. ఆ రోజు నోరు పెగలనివాని పక్షాన పక్కవాడు చెబుతాడు.

"ఏం లాభమైంది?" అని అడిగిన సోదరునికి ఇప్పుడు నేను చెప్పగలిగింది ఇంతే: నమ్మినందుకు కష్టం తప్పుతుందని ప్రభువు మాట ఇవ్వలేదు. ఆ కష్టంలో మనలను ఒంటరిగా వదలనని ఇచ్చాడు. ఆ మాటను ఆయన చాలావరకు మన కాళ్ళతోనే, మన చేతులతోనే నెరవేరుస్తాడు.

ఆచరణకు

– ప్రార్థన రుచించకపోయినా రోజూ ఒకే సమయంలో, కొద్దిసేపయినా, ఇంట్లో కలిసి చేయండి. ఒక పరలోక జపము, ఒక మంగళవార్త జపము చాలు. మానవద్దు.
– మనసు బరువుగా ఉన్నపుడు అప్పుకు, పెండ్లికి, ఊరు విడవడానికి సంబంధించిన పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి. ఒక పెద్దమనిషితో మాట్లాడండి.
– దుఃఖంలో ఉన్న ఇంటికి సలహాతో కాక అన్నంతో వెళ్ళండి. రెండవసారి కూడ వెళ్ళండి.
– ఈ ఆదివారం పూజ తరువాత చుట్టూ చూడండి. రానివారు ఎవరో గమనించి, వారంలోగా ఒకరి ఇంటికి వెళ్ళండి.

కుటుంబంలో చర్చకు

1. మన ఇంట్లో ఎవరు 'నిలబడిన దుంగ'లా ఉన్నారు? వారికి ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పామా?
2. దేవునిమీద కోపం వచ్చిన రోజు ఉన్నదా? ఆ కోపాన్ని ఆయనకే చెప్పుకోగలిగామా?
3. మన వాడలో పూజకు రావడం మానివేసినవారు ఎవరు? వారి మాట వినడానికి మనలో ఎవరు వెళ్తారు?

ప్రార్థన

ప్రభువా, ఎమ్మావు దారిలో అలసినవారితో నడిచినవాడా, మా వాడల్లో కూడ నడువుము. నిద్రలేనివారికి నిద్రను, ఆకలిగొన్నవారికి అన్నాన్ని, ఏడ్చేవారికి వినే చెవిని దయచేయుము. గని లోపలికి దిగేవారిని క్షేమంగా పైకి తెమ్ము. మాకు దారి అంతా కనిపించకపోయినా నాలుగడుగులు చూపుము, వాటిని నడిచే బలమిమ్ము. మాలో ఎవరైనా వెనుకబడితే, వారికోసం తిరిగి వెళ్ళే మనసును మాకిమ్ము. ఆమెన్.